పూత మీద బేరం: మాంద్యంలో షేర్ మార్కెట్, మన రైతు

(ఆనందపురంలో జరిగిన రైతు సంఘం సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



రైతు సంఘం సమావేశంలో షేర్ మార్కెట్ ఏమిటని కొందరికి అనిపించే ఉంటుంది. విత్తనం, ఎరువు, నీళ్లు, కూలీ, ధర. మన బాధలు మనకు చాలినన్ని ఉన్నాయి. బొంబాయిలో సూచీ ఎక్కితే మనకేమిటి, దిగితే మనకేమిటి? నిజమే. కానీ మూడు కారణాల వల్ల ఇప్పుడిది మన విషయం అయిపోయింది.

ఒకటి, అనకాపల్లి–ఆనందపురం ఆరు వరుసల రోడ్డు వచ్చింది, అటు భోగాపురంలో విమానాశ్రయం వచ్చింది, మధ్యలో లేఅవుట్లు వచ్చాయి. భూమి పోయిన కుటుంబాల చేతికి ఒక్కసారిగా డబ్బు వస్తోంది. బెల్లం చుట్టూ ఈగలు మూగినట్టు ఆ డబ్బు చుట్టూ సలహాలిచ్చేవాళ్లు మూగుతున్నారు. రెండు, మన పిల్లల చేతిలో ఫోనుంది, ఫోనులో ట్రేడింగ్ యాప్ ఉంది. మూడు, సెన్సెక్స్ పెరిగిన రోజున టీవీల్లో దేశం వెలిగిపోతోందని చెబుతారు. అదే రోజు మనం గిట్టుబాటు ధర లేదని అడిగితే, దేశమంతా బాగుంటే వీళ్లకేం వచ్చిందని అంటారు.

అందుకని ఈ మార్కెట్ కష్టకాలంలో ఎలా నడుస్తుందో మనం తెలుసుకోవాలి. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. మాంద్యం వచ్చేటప్పుడు షేర్ మార్కెట్ ముందే పడుతుంది, పోయేటప్పుడు ముందే లేస్తుంది. ఆ పడిలేచే మధ్యకాలంలో ఆగగలిగినవాడికి లాభం, ఆగలేనివాడికి నష్టం. రైతుకు లేనిది సరిగ్గా ఆ ఆగే శక్తే.

పూత చూసి బేరం

మన జిల్లాలో, పక్కన విజయనగరం జిల్లాలో మామిడి తోటలు ఎలా అమ్ముడవుతాయో అందరికీ తెలుసు. కాయ కోశాక తూకం వేసి అమ్మేవాళ్లు కొందరు. పూత మీదే తోటను గుత్తకు ఇచ్చేవాళ్లు కొందరు. పూత మీద కొనే వ్యాపారి ఏం కొంటున్నాడు? కాయ ఇంకా పుట్టలేదు. మే నెలలో ఎంత దిగుబడి వస్తుందో, అప్పుడు ధర ఎలా ఉంటుందో ఊహించుకుని ఇవాళ డబ్బు ఇస్తున్నాడు. మర్నాడు మంచు పట్టి పూత మాడిందనుకోండి, ఆ సాయంత్రమే బేరం తగ్గిస్తాడు. కాయ రాలేదన్న సంగతి లోకానికి తెలిసేది మే నెలలో. అతని ధరలో కనబడేది మాత్రం జనవరిలోనే.

షేర్ అంటే కంపెనీలో చిన్న వాటా. ఆ వాటా విలువ ఆ కంపెనీ ముందు ముందు సంపాదించబోయే లాభాల మీద ఆధారపడుతుంది. కాబట్టి షేర్ మార్కెట్ అంతా పూత మీద బేరమే. జీడీపీ లెక్కలు మాత్రం కాయ కోశాక వేసే తూకం. మూడు నెలల ఉత్పత్తిని కొలిచి, ఆ మూడు నెలలూ ముగిసిన రెండు నెలలకు ప్రకటిస్తారు. వరుసగా రెండు త్రైమాసికాలు ఉత్పత్తి తగ్గితే మాంద్యం అనడం వాడుక. అంటే మాంద్యం వచ్చిందని అధికారికంగా మన చెవిన పడేసరికి అది మొదలై ఎనిమిది నెలలు అయిపోతుంది. పూత చూసేవాడు అప్పటికి రెండో బేరం కూడా ముగించేసి ఉంటాడు.

అమెరికాలో మాంద్యం తేదీలను నిర్ణయించడానికి ఆర్థికవేత్తల కమిటీ ఒకటి ఉంది. 2007 డిసెంబరులో మొదలైన మాంద్యం గురించి ఆ కమిటీ ప్రకటన చేసింది 2008 డిసెంబరు 1న. సరిగ్గా ఏడాది ఆలస్యం. అక్కడి మార్కెట్ అట్టడుగుకు చేరింది 2009 మార్చిలో. మాంద్యం ముగిసింది జూన్‌లో. నిరుద్యోగం పది శాతానికి చేరి శిఖరం తాకింది అక్టోబరులో. ఈ వరుస గుర్తుపెట్టుకోండి: ముందు మార్కెట్ లేచింది, తర్వాత ఉత్పత్తి లేచింది, అన్నిటికంటే ఆఖరున మనిషికి పని దొరికింది. అమెరికాలో ఉద్యోగాలు చేస్తున్న మన పిల్లలు ఎందరో ఆ నెలల్లో, టీవీలో మార్కెట్ పెరుగుతుండగానే, పని పోయి ఇంటికి ఫోన్లు చేశారు.

2020లో జరిగింది

మన దేశంలో కళ్ల ముందు జరిగిన ఉదాహరణ చూద్దాం. 2020 జనవరిలో సెన్సెక్స్ 42 వేల దగ్గర ఉంది. కరోనా భయంతో ఫిబ్రవరి నుంచి జారడం మొదలైంది. మార్చి 23న ఒక్కరోజే 3,935 పాయింట్లు పడి 25,981 దగ్గర ఆగింది. ఆ మర్నాడు, 24 రాత్రి, ప్రధాని లాక్‌డౌన్ ప్రకటించారు. అంటే మన ఊళ్లలో కష్టం మొదలయ్యే రోజుకే మార్కెట్ పడాల్సినంతా పడిపోయింది.

ఆ తర్వాత ఏం జరిగిందో మీకు నేను చెప్పక్కర్లేదు. గుళ్లు మూశారు, పెళ్లిళ్లు ఆగాయి. బంతి, చామంతి, లిల్లీ కొనేవాడు లేడు. పువ్వు కోసిన రోజే అమ్ముడుపోవాలి. ఇనప్పెట్టెలో దాచుకునే సరుకు కాదు. వలస కూలీలు మన హైవే మీదే ఎండలో నడిచి వెళ్లారు. ఏప్రిల్, మే, జూన్ నెలల్లో దేశ ఉత్పత్తి ముందటేడు అదే నెలలతో పోలిస్తే 23.9 శాతం తగ్గిందని ఆగస్టు 31న ప్రకటించారు. ఆ త్రైమాసికంలో పెరిగిన పెద్ద రంగం వ్యవసాయం ఒక్కటే, 3.4 శాతం. మరి ఆ రోజున సెన్సెక్స్ ఎంత? 38,600. మార్చి అడుగు నుంచి దాదాపు ఒకటిన్నర రెట్లు.

నవంబరు 27 ఇంకా గుర్తుంచుకోదగ్గ రోజు. రెండో త్రైమాసికంలో కూడా ఉత్పత్తి 7.5 శాతం తగ్గిందని ఆ సాయంత్రం లెక్కలు వచ్చాయి. దేశం మాంద్యంలో ఉందని ఖాయమైంది. సెన్సెక్స్ ఆ రోజు 44 వేల పైన ముగిసింది, కరోనా ముందటి శిఖరం కంటే కూడా పైన. అదే రోజు ఢిల్లీ సరిహద్దు సింఘూ దగ్గర రైతుల మీద బాష్పవాయువు గోళాలు, నీటి ఫిరంగులు ప్రయోగించారు. ఒకే తేదీ. పుస్తకాల్లో మాంద్యం, దలాల్ స్ట్రీట్‌లో పండగ, హైవే మీద రైతు. సెన్సెక్స్‌ను దేశం నాడి అనుకునేవాళ్లకు ఆ ఒక్క తేదీ చూపిస్తే చాలు.

ఎందుకు లేచింది?

మొదటి కారణం చెప్పుకున్నాం. పూత చూసేవాడు మళ్లీ చిగురు చూశాడు. టీకా వస్తుంది, దుకాణాలు తెరుచుకుంటాయి అని ముందే లెక్క వేసుకున్నాడు.

రెండోది చౌక డబ్బు. రిజర్వ్ బ్యాంకు రెపో రేటును 5.15 శాతం నుంచి మార్చి 27న 4.40కి, మే 22న 4 శాతానికి తగ్గించింది. అమెరికాలో వడ్డీ దాదాపు సున్నాకు వచ్చింది. బ్యాంకులో పెడితే ఏమీ రాని డబ్బు ప్రపంచమంతా తిరిగి షేర్లలోకి పారింది. 2020 మార్చి ఒక్క నెలలో మన షేర్ల నుంచి సుమారు 62 వేల కోట్లు వెనక్కి తీసుకున్న విదేశీ మదుపరులే, తర్వాతి ఆర్థిక సంవత్సరంలో 2 లక్షల 74 వేల కోట్లు తెచ్చి పోశారు. కాలువలో నీళ్లు వదిలితే ఎత్తున ఉన్న మడికి ఎక్కకముందే పల్లంలో మడి నిండుతుంది. వడ్డీ తగ్గించి వదిలిన డబ్బు ముందు చేరే పల్లం షేర్ మార్కెట్. మన మడి శివారులో ఉంటుంది.

మూడోది, ఆ సూచీలో ఎవరున్నారు అన్నది. సెన్సెక్స్‌లో ఉండేవి 30 పెద్ద కంపెనీలు. బ్యాంకులు, సాఫ్ట్‌వేర్, చమురు, మందులు, కార్లు. చిన్న వర్క్‌షాపు మూతపడితే అది అందులో లేదు. టీ కొట్టు, చేపల బండి, రెండెకరాల కౌలు రైతు అందులో లేరు. చిన్నవాళ్లు మూసేసిన చోట పెద్ద కంపెనీల వ్యాపారం పెరిగింది కూడా. అందువల్ల ఊరు కుంగుతుంటే సూచీ లేవడంలో మాయ ఏమీ లేదు. రెండూ కొలిచేవి వేరు.

పూత రాలిన ప్రతిసారీ కరువు రాదు

మార్కెట్ ముందుచూపు ఉన్నదే కదా, అది పడితే మాంద్యం ఖాయమని అనుకోవద్దు. ముందు చూసేవాడికి కళ్లు మసకబారడం కూడా ఉంది.

2004 మే 17 సంగతి చెబుతాను. ఎన్నికల్లో కేంద్ర ప్రభుత్వం మారింది. వామపక్షాల మద్దతుతో కొత్త ప్రభుత్వం వస్తోందని భయపడి సెన్సెక్స్ ఒక్కరోజే 564 పాయింట్లు, అంటే 11 శాతం పడిపోయింది. దేశానికి ఏదో అయిపోతుందని పత్రికలు రాశాయి. ఏమయింది? ఆ తర్వాతి మూడు నాలుగేళ్లు దేశం మంచి వేగంతో పెరిగింది. అదే ప్రభుత్వం ఉపాధి హామీ చట్టం తెచ్చింది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఆ పథకం మొదలైంది. 2020లో పట్నాల నుంచి తిరిగొచ్చిన కూలీకి పూట గడిపించింది ఆ చట్టమే. మార్కెట్‌కు భయం వేసిందంటే ప్రజలకు చెడు జరుగుతున్నట్టు కాదు. మార్కెట్ మెచ్చిందంటే మేలు జరుగుతున్నట్టూ కాదు.

లేవడానికి ఎన్నాళ్లు?

2020లో తొమ్మిది నెలల్లోపే లేచింది కాబట్టి ఎప్పుడూ అలాగే లేస్తుందని చెప్పే సలహాదారులు ఎక్కువయ్యారు. చరిత్ర అలా చెప్పదు.

2008 జనవరిలో సెన్సెక్స్ 21 వేలు దాటింది. అమెరికాలో లేమన్ బ్రదర్స్ అనే పెద్ద సంస్థ కూలింది ఆ సెప్టెంబరు 15న. కానీ మన మార్కెట్ జనవరి నుంచే పడుతూ వచ్చింది. 2009 మార్చి 9న 8,160 దగ్గర ముగిసింది. నూటికి అరవై పోయింది. అరవై పోతే మళ్లీ అరవై వస్తే సరిపోదు. వంద నలభై అయ్యాక, తిరిగి వంద కావాలంటే ఆ నలభై రెండున్నర రెట్లు పెరగాలి. 2009 మే 18న, ఎన్నికల ఫలితాల తర్వాత, ఒక్కరోజే 2,110 పాయింట్లు ఎగిరింది. పరిమితి దాటిందని లావాదేవీలే ఆపేశారు. భయపడి అమ్మి పక్కన కూర్చున్నవాడికి ఆ రోజు కొనే అవకాశమే దొరకలేదు. అయినా పాత శిఖరాన్ని 2010 నవంబరులో ఒకసారి అందుకుని, మళ్లీ జారి, నిలకడగా దాటడానికి 2013 చివరి దాకా పట్టింది. దాదాపు ఆరేళ్లు.

అమెరికాలో 1929 సెప్టెంబరులో ఉన్న శిఖరాన్ని అక్కడి డౌ జోన్స్ సూచీ తిరిగి అందుకున్నది 1954 నవంబరులో. పాతికేళ్లు. జపాన్ నిక్కీ సూచీ 1989 డిసెంబరులో తాకిన ఎత్తును మళ్లీ దాటింది 2024 ఫిబ్రవరిలో. ముప్పైనాలుగేళ్లు. కొడుకు చదువుకని పెట్టినవాడు మనవడి పెళ్లికి కూడా తీసుకోలేకపోయి ఉంటాడు.

ఇంకొకటి. సూచీ లేచినా కంపెనీ లేవాలని లేదు. చెరువు ఎండినప్పుడే అడుగున ఏముందో బయటపడుతుంది. మాంద్యం నడుస్తుండగా 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధినేత రామలింగరాజు, ఖాతాల్లో చూపిన వేల కోట్లు అసలు లేవని లేఖ రాశారు. ముందురోజు 179 రూపాయలున్న షేర్ ఆ సాయంత్రానికి 40కి వచ్చింది. ఆ ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా ఆ కంపెనీని షేర్ 58 రూపాయల లెక్కన కొనుక్కుంది. మన తెలుగువాళ్ల కంపెనీ అన్న అభిమానంతో పొదుపంతా అందులో పెట్టిన చిన్న ఉద్యోగులకు, పల్లె కుటుంబాలకు సెన్సెక్స్ కోలుకోవడం వల్ల ఒరిగిందేమీ లేదు.

ఆగగలిగినవాడు, ఆగలేనివాడు

ఇప్పుడు చిన్న లెక్క వేద్దాం. 2020 జనవరిలో సూచీ 42 వేల దగ్గర ఉండగా ముగ్గురు తలా లక్ష రూపాయలు సూచీలో పెట్టారనుకోండి.

మొదటివాడికి మార్చిలో ఇంట్లో ఆస్పత్రి ఖర్చు వచ్చింది. 23న తీసుకున్నాడు. చేతికి వచ్చింది 62 వేలు. రెండోవాడు ఖరీఫ్ పెట్టుబడికని జూన్ 1న తీసుకున్నాడు. సెన్సెక్స్ 33,300. చేతికి వచ్చింది 79 వేలు. మూడోవాడికి జీతం ఆగలేదు, పని తొందర లేదు. నవంబరు 27 దాకా కదపలేదు. అతనికి లక్షా 5 వేలు.

ముగ్గురూ ఒకే రోజు, ఒకే ధరకు కొన్నారు. ఒకడు తెలివైనవాడనీ ఒకడు తక్కువవాడనీ చెప్పడానికి లేదు. తేడా అంతా డబ్బు ఎప్పుడు అవసరమైందన్న దాంట్లోనే ఉంది. రైతు అవసరానికి తేదీ ఉంది. జూన్‌లో విత్తనం, ఎరువు, పిల్లల ఫీజు. మాఘంలో, వైశాఖంలో పెళ్లి. మార్చిలో బ్యాంకు వాయిదా. షేర్ మార్కెట్‌కు మన పంచాంగం తెలియదు. పైగా మాంద్యం వచ్చినప్పుడే ధర పడుతుంది, అప్పుడే కూలి పని పోతుంది, అప్పుడే డబ్బు అవసరమవుతుంది. అన్నీ ఒకేసారి వస్తాయి కాబట్టి లేనివాడు అట్టడుగున అమ్ముతాడు. ఉన్నవాడు అట్టడుగున కొంటాడు.

మన పంటకూ జరిగేది ఇదే. అనకాపల్లిలో బెల్లం సీజనులో దిమ్మలు వచ్చిన రోజే అమ్ముకోవాల్సిన రైతు ఒకడు. అదే బెల్లం కోల్డ్ స్టోరేజీలో పెట్టి, ధర వచ్చినప్పుడు తీసే వ్యాపారి ఒకడు. సరుకు ఒకటే. లాభం ఆగినవాడిది.

మాంద్యం మన గడపకు వచ్చే దారి

1929లో న్యూయార్క్‌లో షేర్లు కూలినప్పుడు ఆంధ్ర రైతుకు అక్కడ ఒక్క షేర్ కూడా లేదు. అయినా రెండు మూడేళ్లలో మన వరి ధర దాదాపు సగానికి పడిపోయింది. ధర సగమైంది, శిస్తు సగం కాలేదు. జమీందారు బాకీ సగం కాలేదు. షావుకారు పత్రం మీద రాసిన అంకె సగం కాలేదు. పదిబస్తాలతో తీరే అప్పుకు ఇరవై బస్తాలు కొలవాల్సి వచ్చింది. భూములు చేతులు మారాయి.

మన రైతు ఉద్యమం గట్టిపడింది ఆ నిప్పులోనే. 1936లో లక్నోలో అఖిల భారత కిసాన్ సభ ఏర్పడితే దాని తొలి ప్రధాన కార్యదర్శి మన ఎన్.జి. రంగా. 1937–38లో ఇచ్ఛాపురం నుంచి మద్రాసు దాకా రైతు రక్షణ యాత్ర నడిచింది. 1938లో మద్రాసు రాష్ట్రంలో రైతుల అప్పులు తగ్గించే చట్టం వచ్చింది. షేర్ మార్కెట్ దానంతటదే లేచే వరకు ఆగి ఉంటే మన తాతలు 1954 దాకా ఆగాలి. వాళ్లు ఆగలేదు, నడిచారు.

ఇవాళ కూడా దారి అదే. కౌలు రొక్కం ముందే ఖాయం. అప్పు ఖాయం. ధర ఒక్కటే ఖాయం కాదు. 2025 ఏప్రిల్ 2న అమెరికా అధ్యక్షుడు మన దిగుమతుల మీద 26 శాతం సుంకం అన్నాడు. ఆ సుంకం అమలుకు వచ్చిన రోజే, వారం తిరిగేసరికి దాన్ని వాయిదా కూడా వేశాడు. కానీ మన కోస్తాలో చెరువు గట్టు మీద రొయ్య ధర వెంటనే కోసేశారు. నష్టం రాబోతుందన్న ఊహను వ్యాపారి మొదట రైతు మీద వేశాడు. సుంకం వాయిదా పడ్డాక ధర అంతే చురుగ్గా లేచిందా? దిగేటప్పుడు లిఫ్ట్‌లో దిగుతుంది, ఎక్కేటప్పుడు మెట్ల మీద ఎక్కుతుంది.

ఉక్కు ఫ్యాక్టరీ సంగతి

విశాఖలో ఉండి ఉక్కు గురించి చెప్పకుండా కూర్చోలేం. ఆ ఫ్యాక్టరీ కోసం వేలాది రైతు కుటుంబాలు భూములిచ్చాయి. ఆ సంస్థ షేర్ మార్కెట్‌లో లేదు. 2012లో కొంత వాటా అమ్మాలని చూసి వాయిదా వేసుకున్నారు. 2021 జనవరి 21న సెన్సెక్స్ మొదటిసారి 50 వేలు తాకింది. ఆ వారంలోనే, జనవరి 27న, విశాఖ ఉక్కును నూటికి నూరు శాతం అమ్మడానికి కేంద్రం సూత్రప్రాయంగా ఒప్పుకుంది. మాంద్యంలో ఖజానా ఖాళీ అవుతుంది, మార్కెట్‌లో డబ్బు పొంగుతుంది. ప్రభుత్వానికి అమ్మాలన్న బుద్ధి పుట్టేది అప్పుడే.

ఉక్కు ధర కూడా మాంద్యంతో కుంగి, కోలుకునేటప్పుడు ఎగిసే సరుకు. నష్టాల్లో ఉందని చెప్పి అమ్మాలన్న ఆ సంస్థకే, ఉక్కు ధరలు పెరిగిన 2021–22లో 900 కోట్ల పైన లాభం వచ్చింది. తర్వాత మళ్లీ నష్టాలు వచ్చాయి, దానికి సొంత గనులు లేకపోవడం, అప్పుల వడ్డీ లాంటి కారణాలు ఉన్నాయి. నేను చెప్పేది ఒక్కటే. పూత మాడిన ఏడాది తోటకు వెల కట్టడం న్యాయం కాదని మనకు తెలుసు. రైతులిచ్చిన భూమి మీద నిలబడ్డ ఫ్యాక్టరీకి కూడా ఆ న్యాయం వర్తించాలి.

ఇంట్లో ఏం చేయాలి?

సలహా అడిగారు కాబట్టి నాలుగు మాటలు సూటిగా చెబుతాను.

ముందు బయటి అప్పు తీర్చండి. నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. ఏటా 24 శాతం ఖాయంగా ఇచ్చే మార్కెట్ లోకంలో లేదు. ఆ అప్పు తీర్చడమే మీకు దొరికే అన్నిటికంటే మంచి పెట్టుబడి.

పంట రుణం షేర్లలో పెట్టకండి. కిసాన్ క్రెడిట్ కార్డు మీద గడువులోగా కడితే వడ్డీ 4 శాతమే పడుతుంది కాబట్టి, ఆ డబ్బు మార్కెట్‌లో తిప్పి లాభం చేద్దామని చెప్పేవాళ్లున్నారు. వాయిదా తేదీ బ్యాంకు చేతిలో ఉంది, షేర్ ధర ఎవరి చేతిలోనూ లేదు. రెండూ ఎదురుపడిన రోజు నలిగేది మీరు.

భూమి పరిహారం డబ్బు ఒక్కసారే వస్తుంది, మళ్లీ పండదు. అందులో కనీసం మూడు నాలుగేళ్ల ఇంటి ఖర్చు బ్యాంకులోనో, పోస్టాఫీసులోనో ఉంచకుండా ఎవరు చెప్పినా ఇంకెక్కడా పెట్టకండి. ఏడెనిమిదేళ్లు ముట్టుకోనవసరం లేని మిగులు ఉంటే, అందులో కొంత, ఒక్క కంపెనీలో కాకుండా సూచీ మొత్తాన్ని కొనే ఫండ్‌లో నెలనెలా కొద్దికొద్దిగా పెట్టడం తప్పేం కాదు. నెలనెలా పెట్టేవాడికి ధర పడిన నెలలో ఎక్కువ యూనిట్లు వస్తాయి. ఆ డబ్బు లేకపోయినా పొయ్యి వెలిగే ఇంటికే ఈ మాట.

ఇక పిల్లలకు. ఫ్యూచర్స్, ఆప్షన్స్ అని ఫోనులో ఆడేది మదుపు కాదు. 2021–22 నుంచి 2023–24 వరకు మూడేళ్ల లెక్కలు తీసి సెబీయే చెప్పింది: అందులో దిగిన కోటిమందికి పైగా మామూలు మనుషుల్లో నూటికి 93 మందికి నష్టం. మొత్తం 1 లక్షా 80 వేల కోట్లకు పైన. తలకు సగటున దాదాపు రెండు లక్షలు. ఆ మూడేళ్లలో మార్కెట్ పడలేదు, పెరిగింది. పెరిగే మార్కెట్‌లోనే ఇంత పోతే, మాంద్యంలో ఏం మిగులుతుంది? వాట్సాప్‌లో, టెలిగ్రామ్‌లో వచ్చే టిప్పులు నమ్మకండి. సెబీ రిజిస్ట్రేషన్ నంబరు చూపించలేని సలహాదారును గడప దాటనివ్వకండి. పిల్లవాడు పోగొట్టుకుంటే కొట్టకండి, తిట్టకండి. చెప్పుకోవడానికి భయపడి అప్పు మీద అప్పు చేస్తాడు. ముందు యాప్ మూయించండి, తర్వాత సంఘం దగ్గరకు తీసుకురండి, కూర్చుని లెక్క చూద్దాం.

సంఘంగా ఏం అడగాలి?

మార్కెట్‌లో పెద్ద మదుపరికి ఉన్నది ఆగే శక్తి అనుకున్నాం. ఆ శక్తి రైతుకు కూడా కావాలి. దాన్ని ఎవరికి వారు తెచ్చుకోలేం, కలిసి అడిగి తెచ్చుకోవాలి.

గోదాములో పెట్టిన పంట మీద మార్కెట్ కమిటీ రుణం ఇచ్చే రైతుబంధు పథకం మన రాష్ట్రంలో ఎప్పటి నుంచో ఉంది. తెలంగాణలో ఎకరానికి డబ్బిచ్చిన పథకం వేరు, ఇది వేరు. 2007 చట్టం కింద గోదాము రసీదు చూపించి బ్యాంకు రుణం తీసుకునే హక్కు కూడా ఉంది. వీటిని కాగితం మీద నుంచి యార్డులోకి దింపించాలి. కౌలు రైతుకు కూడా ఇవి అందాలి. పూలకూ కూరగాయలకూ ఆనందపురంలోనే చల్లని గిడ్డంగి కావాలి. పువ్వు నెలలు ఆగదు, నిజమే. కానీ రెండు రోజులు ఆగగలిగినా చాలు, పొద్దున్న పది గంటలకు బేరగాడు చెప్పిందే ధర కాకుండా పోతుంది. మద్దతు ధరకు చట్టబద్ధత కావాలి. ధర సగానికి పడిన ఏడాది అప్పు వాయిదా, కౌలు రొక్కం కూడా తగ్గేలా నియమం ఉండాలి. 1938లో సాధ్యమైనది ఇప్పుడు సాధ్యం కాదని ఎవరైనా అంటే నమ్మకండి.

మార్కెట్ పడిన రోజు ప్రభుత్వాలు ఎంత కంగారుపడతాయో చూస్తున్నాం. వడ్డీ తగ్గిస్తారు, పన్ను తగ్గిస్తారు, గంటల్లో ప్రకటనలు వస్తాయి. పడిన టమాటా ధరకు, పడిన బంతి ధరకు ఆ కంగారు లేదు. ఎందుకంటే ఆ 30 కంపెనీల ధర క్షణక్షణం తెర మీద కనబడుతుంది. మన ధర కనబడదు. కాబట్టి వచ్చే నెల నుంచి మన పత్రికలో ఆనందపురం పూల ధర, అనకాపల్లి బెల్లం ధర, మన యార్డుల్లో ధాన్యం ధర నెలనెలా వేయాలని ప్రతిపాదిస్తున్నాను. పక్కనే సాగు ఖర్చు కూడా వేద్దాం. ఆ అంకెలు రాసి పంపే బాధ్యత గ్రామానికి ఇద్దరు సభ్యులు తీసుకోండి. ఏడాది తిరిగేసరికి మన సూచీ మన చేతిలో ఉంటుంది. అధికారి ముందుకు వెళ్లినప్పుడు దాన్ని బల్ల మీద పెట్టి మాట్లాడదాం.

 ప్రశ్నలుంటే అడగండి. అక్కచెల్లెళ్లు ముందు అడగండి, ఇంట్లో లెక్క మీ దగ్గరే ఉంటుంది.